బరువైన అడాప్టర్, తేలికైన ఛార్జర్: తేడా ఎక్కడ?



సైన్స్ ఫెయిర్ వస్తోందంటే చాలు, కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లమని పిల్లలు మిమ్మల్ని అడుగుతారు. ఈమధ్య ఎనిమిదో తరగతి పాప ఒక సర్క్యూట్ తెచ్చి, "మేడమ్, ఈ భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, పాడైందా?" అని అడిగింది. పాడవలేదు. అది లీనియర్ పవర్ సప్లై, దాని పద్ధతే అంత.

లీనియర్ ఎలా పనిచేస్తుంది?
ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది, డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఆ తర్వాత 7805 అనే ఐసీ 12 వోల్టులను 5 వోల్టులు చేస్తుంది. ఒక ఆంపియర్ వాడితే మనకు దక్కేది 5 వాట్లు, వేడిగా పోయేది 7 వాట్లు! బిందెడు నీళ్లు పట్టి సగానికి పైగా పారబోసినట్టే. అందుకే ఆ ఐసీకి అల్యూమినియం హీట్ సింక్ బిగిస్తారు.

మరి ఫోన్ ఛార్జర్?
ఇది స్విచ్ మోడ్, అంటే ఎస్‌ఎంపీఎస్. 230 వోల్టుల ఏసీని నేరుగా సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి, సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆ వేగంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. కావలసినంతే తీసుకుంటుంది కాబట్టి వృథా తక్కువ.

అయితే లీనియర్ పనికిరానిదేమీ కాదు. స్విచింగ్ వల్ల పుట్టే విద్యుత్ రొద అందులో ఉండదు. సున్నితమైన ఆడియో, కొలత పరికరాల్లో దాన్ని ఇప్పటికీ వాడతారు.

దయచేసి గమనించండి
• పిల్లలను ఛార్జర్ విప్పనివ్వకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు.
• ప్రాజెక్టుకు మూసి ఉన్న రెడీమేడ్ అడాప్టరే ఇవ్వండి.
• అబిడ్స్ జగదీష్ మార్కెట్లో కొన్నా, మరెక్కడ కొన్నా బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు సరిచూసుకోవచ్చు. నాసిరకం ఛార్జర్లో 230 వోల్టుల వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య సరైన ఎడం లేకపోతే, ఫోన్ పట్టుకున్న చేతికే షాక్ కొడుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో
మీ పాప లేదా బాబుతో కలిసి ఛార్జర్ మీది లేబుల్ చదవండి. ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే అది దాదాపుగా స్విచ్ మోడే. అవుట్‌పుట్ వోల్టులను ఆంపియర్లతో గుణించమనండి, వాట్లు వస్తాయి. ఆ లెక్క నోట్‌బుక్‌లో రాసి సోమవారం క్లాసుకు తెమ్మనండి.

– మీ పిల్లల ఫిజిక్స్ టీచర్