పోచంపల్లి మగ్గములు

తెలంగాణ రాష్ట్రమునందలి యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి యను ఊరు కలదు. 1951వ సంవత్సరమున ఆచార్య వినోబా భావే పాదయాత్ర చేయుచు అచ్చటికి వచ్చినపుడు, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమిని బీదలకు దానము చేసెను. నాటినుండి ఆ ఊరు భూదాన పోచంపల్లి యని ప్రసిద్ధి కెక్కినది. ఆ ఊరికి కీర్తి తెచ్చినది మరియొకటి కలదు. అది చేనేత.

సామాన్యముగా బట్టను నేసిన పిమ్మట దానిపై అద్దకము వేయుదురు. పోచంపల్లి నేతగాండ్రు నేయుటకు ముందే పోగులకు రంగు వేయుదురు. పోగులను కట్టలుగా చేర్చి, రంగు అంటగూడని చోట్ల గట్టిగా కట్టి, రంగునీటిలో ముంచి తీయుదురు. రంగు మారినపుడెల్ల కట్టుటయు, విప్పుటయు మరల జరుగవలెను. ఇట్లు సిద్ధమైన పడుగును పేకయు మగ్గముపై కలిసినపుడు చిత్రము తేలును. లెక్క తప్పినచో చిత్రము చెదరును. ఒకరు నేయుచుండగా ఇంటిలోని తక్కినవారు కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. కావున మగ్గ మొక్కని వృత్తి కాదు, కుటుంబమంతటికి జీవనాధారము.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి దేశమున వ్యాపించెను. మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. వ్యాధిని అరికట్టుటకు జనులు ఇండ్లలో నుండవలసి వచ్చెను. నేతగాండ్రు ఎల్లప్పుడు ఇంటనే పనిచేయువారు కదా, వారికేమి లోటు కలిగెనని తోచవచ్చును. కాని ఇంట నేసిన చీర ఇంటనే యున్నచో కూడు పెట్టదు. నగరములలోని దుకాణములు మూతపడెను. పెండ్లిండ్లు ఆగిపోయెను. వేసవిలో అమ్ముడుపోవలసిన పట్టుచీరలు బీరువాలలో నిలిచిపోయెను. నూలునకు, రంగులకు, కూలికి పెట్టిన సొమ్మంతయు ఆ మడతలలోనే చిక్కుకొనెను. పాత సరకు కదలనిదే క్రొత్త పడుగు వేయించుటకు పెద్ద నేతగాండ్రకు చేతిలో పైకము లేకపోయెను. కర్ణాటకమునుండి రావలసిన పట్టు రాలేదు. నేసిన చీరకే కూలి గాని, ఖాళీగా నున్న దినమునకు కూలి లేదు. మగ్గము ఆగిన ఇంట పొయ్యి వెలుగుట కష్టమయ్యెను.

అట్టి స్థితిలో నేతగాండ్రు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కొందరు ఉపాధి హామీ పనులకు పోయి మట్టి మోసిరి. సన్నని పోగును ముడివేయుటకు అలవడిన వ్రేళ్లు పార పట్టి బొబ్బలెక్కెను. కొందరు చేనేత గుడ్డతో మాస్కులు కుట్టించి అమ్మిరి. చదువుకొన్న పిల్లలున్న ఇండ్లలో చీరల ఛాయాచిత్రములను వాట్సాపు ద్వారా పంపి, దూరప్రాంతముల వారికి నేరుగా అమ్మసాగిరి.

ప్రభుత్వ సహాయమును కొంత లభించెను. తెలంగాణ ప్రభుత్వము ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ఇచ్చెను. నేతగాండ్రకు ఎక్కువగా అక్కరకు వచ్చినది వారి పొదుపే. 2017లో ప్రారంభమైన పొదుపు పథకము క్రింద నేతగాడు తన కూలిలో నూటికి 8 రూపాయలు దాచుకొనగా, ప్రభుత్వము 16 రూపాయలు చేర్చుచుండెను. నియమిత కాలము ముగియకమునుపే ఆ సొమ్మును తీసికొనుటకు 2020లో అనుమతి లభించెను. ఆ సొమ్ము తమ కష్టార్జితమగుటచే వారు దానిని తల యెత్తుకొని తీసికొనిరి.

బ్యాంకు ఋణముల వాయిదాలను 2020 మార్చి మొదలు ఆగస్టు వరకు నిలుపుకొనుటకు రిజర్వు బ్యాంకు అవకాశము కల్పించెను. వడ్డీ మాత్రము పెరుగుచునే యుండెను. చేబదులు తెచ్చుకొన్నవారికి, పెద్ద నేతగాని యొద్ద ముందుగా కూలి తీసికొన్నవారికి ఆ మేలును లేదు.

ఈ అనుభవమువలన నేతగాండ్రకు కావలసిన తోడ్పాటు ఎట్టిదో తెలియుచున్నది. మొదటిది, నూలును పట్టును తగిన ధరకు సకాలమున అందవలెను. రెండవది, తక్కువ వడ్డీకి ఋణము దొరకవలెను. నేతగాండ్రకు నూటికి 6 రూపాయల వడ్డీపై ఋణమిచ్చు ముద్రా పథకము కలదు. కాని బ్యాంకు గడప తొక్కుటకు జంకువారికి దానినిగూర్చి తెలుపువారు కావలెను. మూడవది, సహకార సంఘములు కొన్న బట్టకు పైకము ఆలస్యము లేక ముట్టవలెను. నాలుగవది, యంత్రముపై అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి చీరయని అమ్ము మోసమును అరికట్టవలెను. అచ్చు గుడ్డకు వెనుకవైపు రంగు వెలవెలబోవును. పోగునకే రంగు వేసి నేసిన గుడ్డకు రెండు వైపులను రంగు ఒక్కతీరుగా నుండును. ఈ భేద మెరిగిన కొనుగోలుదారు మోసపోడు.

లాక్‌డౌను తొలగిన పిమ్మట మగ్గములు మరల కదలినవి. కాని ఆ దినములలో పార పట్టిన తండ్రిని చూచిన బాలుడు పెద్దవాడై మగ్గమెక్కునా, మానునా అను ప్రశ్న నిలిచియే యున్నది. నేతపని పుస్తకములలో నేర్వదగినది కాదు. తండ్రి ప్రక్కను, తల్లి ప్రక్కను కూర్చుండి నేర్వవలసినది. ఒక తరము విడిచినచో మరియొక తరమునకు దక్కదు. కష్టకాలమున వృత్తిని కాపాడుట దానముగాదు. అది దేశము తన సొత్తును తాను కాపాడుకొనుటయే.