పవర్ ఎక్కువున్న కన్సోలే గెలుస్తుందా? హైదరాబాద్ గేమ్స్ చెప్పే లెక్క ఇదీ!

కొత్త కన్సోల్ అనౌన్స్ అవ్వగానే మనం ముందు చూసేది టెరాఫ్లాప్స్, ర్యామ్, 4కే. నంబర్ పెద్దగా ఉన్నదే గెలుస్తుంది, గేమ్స్ కూడా దానికే ఎక్కువ వస్తాయి అనుకుంటాం. హిస్టరీ మాత్రం అలా లేదు. మా కనిగిరి లాంటి ఊళ్ళో కన్సోల్ అంటే ఇంట్లో ఒప్పించి ఒక్కసారి పెట్టే ఖర్చు. మళ్ళీ ఐదారేళ్ళ దాకా మార్చలేం. అందుకే కొనేముందు ఈ లెక్క తెలిసుండాలి.

వీక్ మెషీన్ ఎలా గెలిచింది?

2000లో వచ్చిన పీఎస్2లో మెయిన్ ర్యామ్ 32 ఎంబీ. 2001లో వచ్చిన ఎక్స్‌బాక్స్‌లో 64 ఎంబీ, పైగా లోపలే హార్డ్ డిస్క్. మొత్తం మీద ఎక్స్‌బాక్సే పవర్‌ఫుల్. కానీ అది సుమారు 2.4 కోట్లు అమ్ముడైతే, పీఎస్2 15.5 కోట్లు దాటింది. మనందరికీ తెలిసిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ కూడా 2004 అక్టోబర్‌లో ముందు పీఎస్2కే వచ్చింది. ఎక్స్‌బాక్స్, పీసీ వాళ్ళు 2005 జూన్ దాకా ఆగాల్సొచ్చింది. కారణం హార్డ్‌వేర్ కాదు, సోనీ చేసుకున్న డీల్.

హైదరాబాద్ ఏం ఎంచుకుంది?

హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో రిలీజైంది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర, కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు లాంటి ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చింది. అప్పటికే పీఎస్3 మన దేశానికి వచ్చి రెండేళ్ళు. అయినా ఈ రెండు గేమ్స్ పీఎస్2కే వచ్చాయి. దేశీ అడ్డా పీఎస్‌పీకి కూడా వచ్చింది.

డెవలపర్ వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. పీఎస్3లో మొత్తం 512 ఎంబీ మెమరీ, హెచ్‌డీ రిజల్యూషన్. అంటే ప్రతి క్యారెక్టర్‌కీ, ప్రతి గోడకీ ఎక్కువ డీటెయిల్ కావాలి. ఎక్కువ మంది ఆర్టిస్టులు, ఎక్కువ నెలల జీతాలు. పైగా దాని సెల్ ప్రాసెసర్‌కి కోడ్ రాయడం మామూలు తలనొప్పి కాదు: పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, విడివిడి కోర్లకి మనమే పంచాలి. ఖర్చు పెరిగి, కొనేవాళ్ళు తక్కువైతే ఏ స్టూడియోకీ గిట్టదు.

మరి పవర్‌తో పనే లేదా?

ఉంది. పవర్ అనేది ఎంట్రీ టికెట్ లాంటిది. 2006లో వచ్చిన నింటెండో వీ 10 కోట్లకు పైగా అమ్ముడైంది. అయినా 2008లో జీటీఏ 4 దానికి రాలేదు. హెచ్‌డీ కూడా లేని మెషీన్‌లో అంత సిటీని నడపాలంటే గేమ్‌ని దాదాపు మళ్ళీ రాయాల్సిందే.

2023లో బల్డూర్స్ గేట్ 3 విషయంలోనూ ఇంతే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ, సిరీస్ ఎస్‌లో 10 జీబీ. ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ సరిగా నడవక మొత్తం ఎక్స్‌బాక్స్ వెర్షనే లేటైంది. పీఎస్5కి సెప్టెంబర్‌లో వస్తే, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్‌లో వచ్చింది. చివరికి ఎస్‌లో ఆ ఫీచర్ లేకుండానే రిలీజ్ చేశారు.

అలాగని పవర్‌ఫుల్ మెషీన్ ఎప్పుడూ ఓడిపోతుందనీ కాదు. 2013లో పీఎస్4 పవర్‌లో ఎక్స్‌బాక్స్ వన్ కంటే ముందుంది, అమెరికాలో ధర 100 డాలర్లు తక్కువ కూడా. పవర్, ధర రెండూ కలిసొస్తే ఇక తిరుగులేదు.

కొనేముందు ఇవి చూడండి

1. మీరు నిజంగా ఆడాలనుకుంటున్న ఐదు గేమ్స్ రాసుకోండి. అవి ఆ కన్సోల్‌కి ఉన్నాయా?
2. మీ ఫ్రెండ్స్ దగ్గర ఏది ఉంది? డిస్కులు మార్చుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కలిసి ఆడొచ్చు.
3. డిస్క్ డ్రైవ్ ఉందా? పెద్ద గేమ్స్ 100 జీబీ దాటుతున్నాయి. మొబైల్ డేటా మీద బతికేవాళ్ళకి డిజిటల్ మోడల్ కష్టం.
4. టెరాఫ్లాప్స్ చివర్లో చూడండి. మీది మామూలు 1080పీ టీవీ అయితే 4కే కోసం ఎక్కువ డబ్బు పెట్టి లాభం తక్కువే.

స్పెక్ షీట్ ఆ మెషీన్ ఏం చేయగలదో చెప్తుంది. దాని కోసం ఎవరు గేమ్స్ చేస్తారో చెప్పేది మాత్రం దాన్ని కొన్న జనం సంఖ్య, గేమ్ తయారీకయ్యే ఖర్చు.