ఈవీ కొలువులకు దారి ఛార్జింగ్ వైపు నుంచి

ఈవీ రంగంలో స్థిరపడాలనుకునే విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఏ బ్యాటరీ గురించి నేర్చుకోవాలి? లిథియమా, సోడియమా, రేపో ఎల్లుండో వచ్చేస్తుందంటున్న సాలిడ్ స్టేటా? అడగడంలో తప్పులేదు కానీ, జవాబు మీద నాలుగేళ్ల చదువును పందెం కాయడం తప్పు. ఎల్‌ఎఫ్‌పీ సంగతే చూడండి. ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను కేథోడ్‌గా వాడొచ్చని శాస్త్రవేత్త గుడినఫ్ బృందం టెక్సాస్‌లో 1997లో ప్రకటించింది. అదే బరువుకు నికెల్, కోబాల్ట్ సెల్స్ ఎక్కువ శక్తిని దాచుకుంటాయి కాబట్టి చైనా బయటి కార్ల కంపెనీలు చాలా ఏళ్లు దీన్ని రెండో రకంగానే చూశాయి. 2020లో చైనా కంపెనీ బీవైడీ బ్లేడ్ బ్యాటరీ వచ్చింది, సెల్స్‌ను ప్యాక్‌లో పేర్చే తీరు మారింది, ధర దిగింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2024 నాటికి ప్రపంచ ఈవీ బ్యాటరీల్లో దాదాపు సగం ఎల్‌ఎఫ్‌పీవే. నికెల్ తప్ప గతి లేదని పదేళ్ల కిందట గట్టిగా నమ్మి చదివినవారు ఇప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంతలో సోడియం సెల్స్ కూడా మార్కెట్ గుమ్మం దాకా వచ్చాయి.

రసాయనం ఇన్నిసార్లు మారినా ఒక్క పని మాత్రం మారలేదు: సెల్‌లోకి కరెంటును ఎంత వేగంగా, ఎంత వేడితో, ఎక్కడిదాకా పంపాలో తేల్చడం. 1991లో సోనీ మొదటి లిథియం అయాన్ సెల్‌ను అమ్మిన నాటి నుంచి ఛార్జింగ్ మూలసూత్రం అదే. ముందు స్థిరమైన కరెంటు, వోల్టేజీ హద్దుకు చేరాక స్థిరమైన వోల్టేజీ, కరెంటు మెల్లగా తగ్గుతూ రావడం. ఆ హద్దు ఎందుకంటే, కరెంటు మరీ ఎక్కువైనా, సెల్ చల్లగా ఉన్నా లిథియం అయాన్లు గ్రాఫైట్ లోపలికి చేరే తీరిక లేక దాని మీదే లోహపు పొరలా పేరుకుంటాయి. ఆ పొర సామర్థ్యాన్ని తినేస్తుంది, ముదిరితే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. 80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జర్ ఎందుకు నెమ్మదిస్తుందో ఇలా నాలుగు మాటల్లో చెప్పగలిగిన అభ్యర్థికీ, బ్రోషర్‌లోని కిలోమీటర్లు అప్పజెప్పే అభ్యర్థికీ ఇంటర్వ్యూలో తేడా తెలిసిపోతుంది.

ఇక వేగం పెరిగేకొద్దీ ఇది పూర్తిగా వేడి లెక్కగా మారుతుంది. 150 కిలోవాట్ల ఛార్జింగ్ 400 వోల్టుల మీద జరిగితే తీగలో 375 ఆంపియర్లు పారాలి. అదే శక్తి 800 వోల్టుల మీదైతే 188 చాలు. కరెంటు సగమైతే అదే తీగలో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో అందరూ బట్టీపట్టి మర్చిపోయే సూత్రమే ఇది! హ్యుందాయ్ అయానిక్ 5 లాంటి 800 వోల్టుల కార్లు తగిన ఛార్జర్ దొరికితే 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో చేరతాయని కంపెనీ చెప్పడం వెనక ఉన్నది ఈ లెక్కే. 2025 మార్చిలో బీవైడీ వెయ్యి వోల్టులు, వెయ్యి ఆంపియర్లతో ఒక మెగావాట్ ఛార్జింగ్ చూపించింది. అంత కరెంటును మోసే కేబుల్‌కు లోపల ద్రవంతో చల్లదనం కావాలి, ఛార్జర్‌కు సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు కావాలి, ప్యాక్‌లో సెల్స్ వేడిని కనిపెట్టే సర్క్యూట్ కావాలి. అంటే మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మూడు బ్రాంచీల వాళ్లకూ అందులో చోటుంది. మెకానికల్ పనైపోయిందని వాపోయేవారు ప్యాక్ కూలింగ్ డిజైన్‌ను ఒకసారి చూస్తే మంచిది.

సాఫ్ట్‌వేర్ వాటా కూడా చిన్నది కాదు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజీ 3.2 దగ్గర చాలాసేపు దాదాపు కదలకుండా ఉంటుంది. అందువల్ల వోల్టేజీ చూసి ఎంత ఛార్జి మిగిలిందో చెప్పడం కష్టం. 20 శాతం చూపిస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోవడానికి ఇలాంటి పొరపాటు లెక్క ఒక కారణం కావచ్చు. లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన కరెంటును కూడుతూ, వేడినీ సెల్ వయసునూ కలిపి అంచనా వేసే ప్రోగ్రాం రాయడమే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్) ఇంజినీరు పని. ఎంబెడెడ్ సీ, క్యాన్ బస్, సిమ్యులింక్ అక్కడి రోజువారీ పనిముట్లు. ఛార్జింగ్ స్టేషన్ల వైపు వెళ్తే ఛార్జర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే ఓసీపీపీ ప్రోటోకాల్ తెలిసుండాలి.

సెల్స్ చైనా నుంచి వస్తుంటే మనం చేసేది బిగింపే కదా అనే వాదన బలమైనదే. మన బళ్లలోని లిథియం సెల్స్‌లో అత్యధికం ఇప్పటికీ దిగుమతే. కానీ సెల్‌తోపాటు మన ఎండను తట్టుకునే ప్యాక్ దిగుమతి కాదు. మే నెలలో రామగుండంలోనో ఖమ్మంలోనో 44 డిగ్రీల్లో తిరిగొచ్చి, నీడ లేని చోట వెంటనే ప్లగ్గుకు ఎక్కే స్కూటర్‌ను ఇక్కడే పరీక్షించాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయాక, ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కేంద్రం కఠినం చేసింది. 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలైన ఆ నిబంధనల వల్ల పరీక్షలు, ధ్రువీకరణ తెలిసినవారి అవసరం పెరిగింది. పైగా 2025 జులైలో చైనా ఎల్‌ఎఫ్‌పీ కేథోడ్ తయారీ పరిజ్ఞానం ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. కొని తెచ్చుకోవడం కష్టమయ్యేకొద్దీ ఇక్కడ చేయగలిగినవారి అవసరం పెరుగుతుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఎల్‌ఎఫ్‌పీ పదార్థం తయారీ పద్ధతి మీద పనిచేసింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో సెల్, ప్యాక్ తయారీకి 2022లో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. సెల్ ఫ్యాక్టరీలో తేమ లేని డ్రై రూములు, పూత పూసే యంత్రాలు, రోజుల తరబడి సాగే తొలి ఛార్జింగ్ ఉంటాయి. కెమికల్ ఇంజినీరింగ్, కెమిస్ట్రీ చదివినవారికి అసలు చోటు అదే.

సాలిడ్ స్టేట్ వస్తే ఇవన్నీ పాతబడవా? వచ్చినా దాన్నీ ఛార్జి చేయాలి, దాని వేడినీ కొలవాలి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఈవీలో కదిలే భాగాలు తక్కువ కాబట్టి మెకానిక్ పని తగ్గుతుందని. అది నిజమే, దాచాల్సిన పనిలేదు. ఆయిల్ మార్చడం, క్లచ్ ప్లేట్లు వేయడం క్రమంగా తగ్గిపోతాయి. మిగిలేది, పెరిగేది లోపం ఎక్కడుందో కనిపెట్టే పని. ఏ సెల్ నీరసించింది, ఏ సెన్సర్ తప్పు చెబుతోంది, ఏ కనెక్టర్ కాలుతోంది అనేది ల్యాప్‌టాప్, మల్టీమీటర్ పట్టుకుని తేల్చాలి. ఐటీఐల్లో రెండేళ్ల 'మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్' ట్రేడ్ ఇందుకే వచ్చింది. డిప్లొమా, బీటెక్ వాళ్లకు ఐఐటీ మద్రాస్ అధ్యాపకుల ఈవీ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. పై చదువుకు కొన్ని ఐఐటీల్లో ఈ-మొబిలిటీ ఎంటెక్ ఉంది.

వేలకు వేలు తీసుకుని మూడు నెలల్లో ఈవీ ఇంజినీరును చేస్తామనే ప్రైవేటు కోర్సుల విషయంలో మాత్రం డబ్బు కట్టేముందు ల్యాబ్ చూడాలి. సెల్‌ను పదేపదే ఛార్జి చేసి ఖాళీ చేసే సైక్లర్ ఉందా? హై వోల్టేజీ గ్లవ్స్ వేసుకుని ప్యాక్ విప్పనిస్తారా? చెడిపోయిన ప్యాక్ ఇచ్చి లోపం పట్టుకోమంటారా? మూడింటికీ లేదనే జవాబు వస్తే, ఆ ఫీజులో చిన్న భాగంతో మంచి మల్టీమీటర్ ఒకటి వస్తుంది.