పోషకబలం – శిశురక్షణ

పాఠ్యోద్దేశం

వైరస్ వ్యాధుల తీవ్రతకు, శిశువు శరీరంలోని విటమిన్లు, ఖనిజాల నిల్వలకు గల సంబంధాన్ని వివరించడం, టీకాతోపాటు ఆహారం కూడా శిశురక్షణకు అవసరమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్‌కు పోయే జాతీయ రహదారిపై కండ్లకోయ ఉంది. ఒకనాటి ఈ పల్లె చెంత నేడు బాహ్యవలయ రహదారి, కళాశాలలు వెలిశాయి. ఇటువంటి ఊరిలో ఇరుగుపొరుగు ఇళ్లలోని ఇద్దరు పసివాళ్లకు ఒకే వారంలో తట్టు సోకిందని ఊహించవచ్చు. ఒకడు కొద్దిరోజులలో కోలుకొని ఆటలకు పోతాడు. మరొకడు న్యుమోనియాతో ఆసుపత్రి పాలవుతాడు. సోకిన వైరస్ ఒకటే అయినప్పుడు ఈ భేదం ఎందుకు?

వయస్సు, టీకా, సకాల వైద్యం ఇందుకు కొన్ని కారణాలు. పోషకస్థితి మరొక ముఖ్య కారణం. విటమిన్ 'ఎ' కంటిని, శ్వాసనాళాల, పేగుల లోపలి పొరలను ఆరోగ్యంగా ఉంచుతుంది. తట్టు ఆ పొరలనే దెబ్బతీస్తుంది. శరీరంలోని విటమిన్ నిల్వలను కూడా హరిస్తుంది. నిల్వలు ముందే తక్కువగా ఉన్న శిశువుకు న్యుమోనియా, అతిసారం, అంధత్వం వంటి ముప్పులు పొంచి ఉంటాయి.

1932లో లండన్‌లో ఎల్లిసన్ అనే వైద్యుడు తట్టు సోకిన 600 మంది పిల్లలను పరిశీలించాడు. వారిలో సగం మందికి విటమిన్ 'ఎ' అధికంగా గల చేప కాలేయపు నూనెను ఇచ్చాడు. నూనె తీసుకొన్నవారిలో 11 మంది, తీసుకోనివారిలో 26 మంది మరణించారు. నేడు తట్టు సోకిన పిల్లలకు వరుసగా రెండు రోజులు విటమిన్ 'ఎ' ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

ఈ శాస్త్ర చరిత్రలో హైదరాబాదుకు విశిష్ట స్థానం ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. విటమిన్ లోపం వల్ల కలిగే అంధత్వాన్ని నివారించుటకు ఆ సంస్థ చేసిన పరిశోధనలు 1970లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమానికి పునాది అయ్యాయి. ఇప్పుడు 9 నెలలు నిండిన శిశువుకు తట్టు–రుబెల్లా టీకాతోపాటు 1 లక్ష యూనిట్ల విటమిన్ 'ఎ' ఇస్తారు. ఆ తరువాత ఐదేళ్లు నిండేవరకు ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు.

అయితే విటమిన్ ఒక్కటే సంజీవని కాదు. ఇండోనేషియాలో జరిగిన ఒక పరిశోధనలో విటమిన్ 'ఎ' వల్ల శిశుమరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్లు 1986లో వెల్లడైంది. కాని హైదరాబాదు చుట్టుపక్కల గ్రామాలలో 15 వేలకు పైగా పిల్లలపై జాతీయ పోషకాహార సంస్థ జరిపిన పరిశోధన ఫలితాలు 1990లో వెలువడ్డాయి. విటమిన్ పొందినవారిలోను, ఉత్తి ద్రవం పొందినవారిలోను మరణాల రేటు దాదాపు ఒకే విధంగా ఉంది. ఏ మందూ అందని పిల్లలలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్య కార్యకర్త గడప తొక్కని ఇంటికే ఆపద ఎక్కువ అని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఖనిజాల విషయంలోను ఇంతే. రోటా వైరస్ వల్ల కలిగే అతిసారంలో శరీరం జింకును కోల్పోతుంది. అందుచేత ఓ.ఆర్.ఎస్. ద్రావణంతోపాటు 10 నుండి 14 రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సూచించాయి. ఆ వైరస్‌కు విరుగుడుగా 2015లో విడుదలైన 'రోటావాక్' టీకాను రూపొందించిన సంస్థ కండ్లకోయకు దూరం కాని శామీర్‌పేట ప్రాంతపు జీనోమ్ వ్యాలీలోనే ఉంది.

మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, గుడ్డు సామాన్యులకు అందుబాటులో ఉన్న పోషకాలు. తట్టు సోకితే గుమ్మానికి వేపమండలు కట్టడం ఆచారం. దానివల్ల హాని లేదు. పథ్యం పేరిట బిడ్డకు తిండి తగ్గించడం మాత్రం ప్రమాదం. వైద్యుని సలహా లేక విటమిన్లను అధికంగా ఇవ్వడమూ హానికరమే. టీకా వ్యాధిని అడ్డుకొంటుంది. పోషకబలం వ్యాధి తీవ్రతను తగ్గిస్తుంది. ఈ రెండూ ప్రతి శిశువుకూ అందవలసిన హక్కులు.

పదాలు – అర్థాలు

హరించు = తొలగించు, లాగివేయు
సంజీవని = ప్రాణం నిలిపే ఔషధం
పథ్యం = రోగి పాటించే ఆహార నియమం

వ్యాకరణాంశాలు

పోషకాహారం = పోషక + ఆహారం – సవర్ణదీర్ఘ సంధి
శిశురక్షణ = శిశువుల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. తట్టు తీవ్రతకు, విటమిన్ 'ఎ' లోపానికి గల సంబంధాన్ని వివరించండి.
2. 1990 నాటి హైదరాబాదు పరిశోధన నేర్పే పాఠం ఏమిటి?
3. రోటా వైరస్ అతిసారంలో జింకు ఎందుకు ఇస్తారు?