విష్ణుక్రాంత

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలంలో తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు బయలుదేరే భక్తులు అడవివరం, ముడసర్లోవ దాటి హనుమంతవాక చేరేవరకు కొండవాలుల చెంతనే నడుస్తారు. తొలకరికి తడిసిన అట్టి ఎర్రమట్టిలో, గడ్డిపోచల సందున, విష్ణుక్రాంత పెరుగుతుంది. అయితే ప్రదక్షిణ సాగేది అపరాహ్ణం మొదలు రాత్రి అంతా గనుక దాని పూవు వారి కంట పడదు. ప్రొద్దు పొడిచిన తరువాత విచ్చి, మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకొనే పూవు అది. మరునాడు ప్రొద్దెక్కిన తరువాత మాధవధార వైపు నుండి తిరిగి వచ్చే బాటసారులకే ఆ దర్శనభాగ్యం. నడక మందగించినవారికి దక్కే ఫలం అన్నమాట!

విష్ణువుచే ఆక్రమింపబడినది, అనగా ఆయన అడుగు సోకినది, అని ఈ పేరుకు అర్థం. త్రివిక్రమావతారాన్ని స్మరింపజేసే నామం. మొక్కను చూస్తే ఆ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. సన్నని కాడలు వేరుమొదలు నుండి నలువైపులా నేలమీద పరచుకొంటాయి. ఒకటి రెండు మాత్రం కొంచెం తల ఎత్తుతాయి. ఆకులు సాధారణంగా అంగుళం మించవు. ఆకుకు, కాడకు కూడ పట్టువంటి నూగు ఉంటుంది. ఎండ తాకిడిని, తేమ నష్టాన్ని ఆ నూగు తగ్గిస్తుంది. ఆకు మొదట దారం వంటి తొడిమ, దాని కొసన చిటికెన వ్రేలి గోరంత నీలిపూవు. అరుదుగా తెల్లనిది కూడ కనబడుతుంది. కాయ ముదిరేనాటికి తొడిమ క్రిందికి వంగుతుంది. ఎండిన కాయ నాలుగు చెక్కలుగా విచ్చి, నాలుగు లేక అంతకు తక్కువ గింజలను నేలకు విడుస్తుంది.

శాస్త్రజ్ఞులు దీనిని ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్ అంటారు. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు 1753లో దీనిని కన్వాల్వులస్ అనే ప్రజాతిలో చేర్చి, 1762లో ఎవాల్వులస్ అనే పేరుతో వేరుచేశాడు. లాటిన్ భాషలో మొదటిదానికి చుట్టుకొనేది అనీ, రెండవదానికి చుట్ట విప్పుకొన్నది అనీ భావం. పందిరికి అల్లుకొనే కాశీరత్నం, మనం తినే చిలగడదుంప, విశాఖ సముద్రపుటొడ్డున ఇసుకపై పాకే మేకగిట్ట వంటి ఆకుల తీగ, ఇవన్నీ దీని చుట్టాలే. విష్ణుక్రాంత మాత్రం దేనినీ చుట్టుకోదు. మరొక గురుతు పూవు నడుమ ఉన్నది. అండాశయంపై కీలాలు రెండు. ఒక్కొక్కటి మరల రెండుగా చీలి నాలుగు కొనలు కనబడతాయి. భూతద్దం ఉంటే పిల్లలకు చూపదగిన వింత. ఈ ప్రజాతిలో సుమారు నూరు జాతులు ఉండగా, దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే. వాటి నడుమ ఈ ఒక్క మొక్క ఉష్ణదేశాలంతటా పరచుకొన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అమరకోశం విష్ణుక్రాంతను గిరికర్ణికి, అపరాజితకు పర్యాయపదంగా చెప్పింది. అపరాజిత అంటే కంచెలపై పాకే శంఖపుష్పపు తీగ అని పలువురి నిశ్చయం. అది చిక్కుడు కుటుంబానిది. పూవు శంఖాకృతిలో పెద్దదిగా ఉంటుంది. వినాయకచవితి ఏకవింశతి పత్రాలలో పదకొండవదైన విష్ణుక్రాంతకు కొందరు నేలమొక్కను, కొందరు ఆ తీగను తెస్తారు. నిఘంటువు అండ ఉన్నది గనుక తీగను తెచ్చినవారిని తప్పుపట్టలేము. తెలుగునాట వాడుక మాత్రం నేలమొక్క పక్షమే. కేరళీయుల దశపుష్పాలలో చేరినదీ ఈ నేలమొక్కయే.

పూజలో చెల్లిన ఈ వెసులుబాటు వైద్యంలో చెల్లదు. శంఖపుష్పి అనే ఒక్క పేరుతో ఔత్తరాహులు కన్వాల్వులస్ ప్రజాతికి చెందిన వేరొక మొక్కను, కేరళ వైద్యులు శంఖపుష్పపు తీగను వాడతారు. విష్ణుక్రాంతను కూడ ఆ పేరుతో పిలిచేవారు కలరు. గృహిణులు పేరు విని మందు నూరుకొనక, మొక్కను వైద్యునికి చూపి అడగడం మంచిది. పచ్చికలో గణుపు గణుపుకు వేరు దిగి, గుండ్రని ఆకులతో తెల్లపూలు పూసేది కూడ ఎవాల్వులస్ జాతియే గాని విష్ణుక్రాంత కాదు. తోటలవారు కుండీలలో అమ్మే పెద్ద నీలిపూల మొక్క దక్షిణ అమెరికా నుండి వచ్చినది.

1933లో ఓడరేవు తెరచుకొన్ననాటి నుండి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిననాటి నుండి, ఊరు కొండల నడుమకు విస్తరించింది. ఎర్రమట్టి వాలులెన్నో ఇండ్లక్రిందికి పోయాయి. మిగిలిన చోట చవితి ముందునాడు మొక్కను వేరుతో సహా పెకలించడం మరొక నష్టం. విష్ణుక్రాంత ఏటికేడు చచ్చే మొక్క కాదు. వేసవిలో పైకాడలు ఎండినా, చేవ గట్టిన వేరుమొదలు మట్టిలో బ్రతికి ఉండి తొలకరికి మరల చిగురిస్తుంది. భాద్రపదంలో పెరికితే వేరూ పోతుంది, ఇంకా ముదరని గింజా పోతుంది. కంబాలకొండ అభయారణ్యంలోనైతే అనుమతి లేనిదే మొక్కను తీయరాదు, అది చట్టం. తక్కిన బంజరులలో పత్రికి వెళ్ళేవారు కాడల కొసలను గోటితో గిల్లుకొంటే సరిపోతుంది. పూజకు కావలసినవి నాలుగు ఆకులే గదా!