ఐసు మీద ఆట - ఎముకల మీద భారం

మన హాస్టల్ పిల్లలం ఐసును సోడా బండి దగ్గరో, చేపల మార్కెట్లోనో తప్ప చూసి ఎరగం. అలాంటప్పుడు ఈ సంచికలో ఫిగర్ స్కేటింగ్ గురించి ఎందుకని మిత్రులు అడగవచ్చు. నేనిక్కడ చదివే రోజుల్లో జోనల్ పోటీలకు ముందు మోకాలి నొప్పి పి.ఇ.టి. సారుకు చెప్పకుండా, గుడ్డ చుట్టుకుని కబడ్డీ ఆడాను. ఆ మోకాలు ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు పలకరిస్తుంది. అందుకే టీవీలో ఈ ఆట వస్తే అందరూ డ్రస్సులు చూస్తారు, నేను కాళ్లు చూస్తాను.

స్కేటు బూటు కింది ఉక్కు బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని మీద వేగంగా జారుతూ పైకెగిరి, సెకను కూడా గడవకముందే గాలిలో మూడు నాలుగు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద వెనక్కి జారుతూ దిగాలి. దిగే క్షణంలో ఆ కాలి మీద పడే బలం శరీర బరువుకు అయిదారు రెట్లు ఉంటుంది. 50 కిలోల అమ్మాయి అయితే ఒక్క కాలి మీద పావు టన్ను అన్నమాట! మనం గోడ దూకితే చీలమండ, మోకాలు వంగి ఆ దెబ్బను పంచుకుంటాయి. స్కేటు బూటు గట్టిగా, బిగుతుగా ఉంటుంది కాబట్టి చీలమండ సరిగా వంగదు. దాని వాటా కూడా మోకాలు, తుంటి, నడుము మోయాలి. ఎడమవైపు తిరిగేవాళ్లు (ఎక్కువమంది వాళ్లే) ఎప్పుడూ కుడికాలి మీదే దిగుతారు. రోజూ పదుల సార్లు, ఏళ్ల తరబడి అదే కాలు.

పడినప్పుడు తగిలే దెబ్బ అందరికీ కనిపిస్తుంది. చక్కగా దిగిన జంపులు ఎముకలో చేసే వెంట్రుకంత పగులు కనిపించదు. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదట్లో అది మామూలు నొప్పిలాగే ఉంటుంది. విశ్రాంతి ఇస్తే మానుతుంది, దాచిపెడితే పెరుగుతుంది.

అమెరికా అమ్మాయి తారా లిపిన్‌స్కీ 1998 నగానో ఒలింపిక్స్‌లో 15 ఏళ్లకే బంగారు పతకం గెలిచింది. 18 ఏళ్లకు తుంటి ఆపరేషన్ చేయించుకుంది. రష్యా అమ్మాయి యూలియా లిప్నిట్‌స్కాయా కూడా 15 ఏళ్లకే, 2014 సోచిలో టీమ్ బంగారు పతకం అందుకుంది. 2017లో ఆట మానేసింది. తిండికి దూరమయ్యే అనోరెక్సియా జబ్బుకు చికిత్స తీసుకున్నానని చెప్పింది. ఒళ్లు తేలికగా ఉంటే గాలిలో తిరగడం సులువు, అందుకే ఈ ఆటలో కడుపు మాడ్చుకునేవాళ్లున్నారు. మెస్సులో రెండోసారి వడ్డించమని పోట్లాడే మనకు ఇది వింతే. కానీ తిండి చాలని ఎముక త్వరగా పగులుతుంది.

జపాన్ ఆటగాడు యుజురు హన్యూ కథ వేరు. 2017 నవంబరులో ఒసాకాలో ప్రాక్టీసు చేస్తూ పడి కుడి చీలమండ లిగమెంటు దెబ్బతీసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క పోటీ ఆడకుండా, 2018 ఫిబ్రవరిలో నేరుగా ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు వచ్చి గెలిచాడు. 2022 బీజింగ్‌లో ఫ్రీ స్కేట్‌కు ముందురోజు మళ్లీ కుడి చీలమండే బెణికింది. నొప్పి తెలియకుండా ఇంజక్షన్ చేయించుకుని ఆడి, నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ జూలైలో పోటీలకు స్వస్తి చెప్పాడు. అతని పట్టుదలకు నేనూ చప్పట్లు కొట్టాను, కానీ ఆ ఇంజక్షన్‌కు కాదు.

ఇప్పుడు మంచి కోచ్‌లు జంపులను ముందు నేల మీద నేర్పుతారు, నడుముకు తాడు కట్టి దింపుతారు, రోజుకిన్ని జంపులే అని లెక్కపెడతారు. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ కూడా 2022 జూన్‌లో సీనియర్ పోటీల కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచింది. 2024-25 సీజన్ నుంచి అది పూర్తిగా అమలైంది. ఈ నియమం అప్పుడే ఉండి ఉంటే లిపిన్‌స్కీ, లిప్నిట్‌స్కాయా ఆ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టేవారే కాదు.