క్రైమ్ పాడ్‌కాస్ట్: రికార్డు బటన్ నొక్కే ముందు

మన సాహితీ క్లబ్ తరఫున పాడ్‌కాస్ట్ మొదలుపెడదాం అనుకున్నప్పుడు, మొదటి ఎపిసోడ్ దేని మీద అని అడిగితే ఎక్కువ మంది "క్రైమ్" అన్నరు. నేనైతే కథ కూడా రెడీగా పెట్టుకున్న. మా మందమర్రిలో, మేముండే సింగరేణి క్వార్టర్ల లైన్‌లో ఒక పెద్దమ్మ ఉంటది. చాలా ఏళ్ళ కింద ఆమె భర్త సెకండ్ షిఫ్ట్ అయినంక బాయి నుంచి బయల్దేరిండు, ఇల్లు చేరలేదు. ఇప్పటిదాంక ఆచూకీ లేదు. సంక్రాంతి సెలవులకు పోయి, ఫోన్ ముందట పెట్టి, "పెద్దమ్మా, పెద్దనాయిన గురించి చెప్పు, రికార్డు చేస్త" అన్న.

ఆమె ఫోన్ దిక్కు చూసి ఒకటే అడిగింది: "కొడుకా, ఇది ఆయన ఇంటే ఏమనుకుంటడు?"

నాకు జవాబు దొరకలేదు. ఫోన్ జేబులో పెట్టుకొని, చాయ్ తాగి వచ్చిన. ఆ తర్వాత విన్నవి, చదివినవి ఇక్కడ రాస్తున్న.

చల్లబడేది ఫైలే

ఆధారాలు దొరకక దర్యాప్తు ఆగిపోయిన కేసును కోల్డ్ కేస్ అంటారు. మన చట్టం ప్రకారం ఒక మనిషి గురించి, కబురు తెలియాల్సిన వాళ్ళకు ఏడేళ్ళపాటు ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని చెప్పేవాళ్ళే దాన్ని రుజువు చెయ్యాలి. మా పెద్దమ్మ దగ్గర ఏ రుజువూ లేదు. కానీ ఆయన గురించి మాట్లాడితే "ఉంటడు" అంటది, "ఉండె" అనది.

రెండు పాడ్‌కాస్ట్‌లు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 1996లో ఒక కాలేజీ విద్యార్థిని హాస్టల్‌కు తిరిగి వస్తూ మాయమైంది. 2019లో క్రిస్ లాంబర్ట్ అనే సంగీతకారుడు ఆ కేసు మీద 'యువర్ ఓన్ బ్యాక్‌యార్డ్' మొదలుపెట్టాడు. ఆయన పోలీసు కాదు, జర్నలిస్టు కాదు. ఓపిగ్గా మనుషులను కలిశాడు, ఆమె కుటుంబం నమ్మకం సంపాదించాడు. ముందుకు రాని సాక్షులు ఆ పాడ్‌కాస్ట్ వల్ల బయటికొచ్చారు. 2022లో నిందితుడికి నేరం రుజువైంది. ఆమె దేహం మాత్రం దొరకలేదు.

ఆస్ట్రేలియాలో 'ద టీచర్స్ పెట్' కథ వేరు. 1982లో మాయమైన ఒక మహిళ కేసును 2018లో ఈ పాడ్‌కాస్ట్ మళ్ళీ కదిలించింది. భర్త అరెస్టయ్యాడు. అయితే ఇంత ప్రచారం తర్వాత న్యాయమైన విచారణ సాధ్యమా అన్న వాదన వచ్చింది. 2019లో ఆ దేశంలో పాడ్‌కాస్ట్‌ను తీసేయాల్సి వచ్చింది. చివరికి జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విచారించి 2022లో దోషిగా తేల్చారు. అంటే మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా కేసును చెడగొట్టేదాకా పోవచ్చు.

మన దగ్గరి పాఠం

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మాత్రం ఇతను నేరస్థుడు కాదనే చెప్తూ వచ్చారు. 2010లో ఎవరైనా పాడ్‌కాస్ట్ చేసి అతణ్ణి "హంతకుడు" అని ఉంటే, ఆ ఎపిసోడ్‌ను 2017లో ఎవరు వెనక్కి తీసుకునేవాళ్ళు?

ఇక్కడ పేర్లు రాయకపోవడం మరిచిపోయి కాదు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. చనిపోయినవాళ్ళకూ ఆ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2019లో శంషాబాద్ ఘటన తర్వాత పోలీసులు "దిశ" అన్న పేరు వాడమన్నది ఇందుకే. అప్పటికే అసలు పేరు, ఫోటో మన ఫోన్లన్నీ తిరిగినయి. మనమే తిప్పినం.

మన క్లబ్‌కు నా ప్రతిపాదన

ఒకటి, కుటుంబం ఒప్పుకోకుండా ఏ కేసూ ముట్టుకోవద్దు. ఒప్పుకున్నాక కూడా వద్దంటే ఆపాలి. రెండు, విడుదలకు ముందు వాళ్ళకు వినిపించాలి. మూడు, కోర్టు తేల్చనిది మనం తేల్చొద్దు. "అనుమానం" వేరు, "నేరం" వేరు. నాలుగు, భయపెట్టే మ్యూజిక్, అరుపులు వద్దు. అయిదు, చనిపోయిన రోజు గురించి పది నిమిషాలు చెప్తే, బతికిన రోజుల గురించి అంతకంటే ఎక్కువ చెప్పాలి. ఆరు, ఎవరికైనా ఏదైనా సమాచారం తెలిస్తే మనకు కాదు, పోలీసులకు చెప్పమనాలి.

మొన్న ఇంటికి పోయినప్పుడు పెద్దమ్మకు ఇవన్నీ చదివి వినిపించిన. అయిదో దాని దగ్గర ఆపి, "ఆయన డ్యూటీకి పోయేటప్పుడు ఈల వేస్కుంట పోతడు, అది రాసుకో" అన్నది. రికార్డు చెయ్యమని మాత్రం అనలేదు.

కాబట్టి మన మొదటి ఎపిసోడ్ వేరే దాని మీద చేద్దాం. ఆమె చెయ్యమన్న రోజు ఇది చేద్దాం. చెయ్యమనకపోతే, ఆమె జవాబు అదే అనుకోవాలె.